పదోన్నతి వచ్చాక మొదలయ్యే పని

ఉద్యోగంలో ఎదగడమంటే చేస్తున్న పనినే మరింత జీతానికి, మరింత పెద్ద హోదాలో చేయడమని చాలామంది అనుకుంటారు గానీ, ఒక స్థాయి దాటిన తరవాత ప్రతి పదోన్నతీ అంతవరకూ మనిషికి పేరు తెచ్చిపెట్టిన పనినే చాలావరకు వదులుకోమని అడుగుతుంది. చక్కగా ప్రోగ్రాములు రాసే ఇంజనీరు టీమ్ లీడ్ అయిన నాటి నుంచి ఇతరుల చేత చక్కగా రాయించవలసి వస్తుంది; అమ్మకాల్లో అందరికన్నా ముందుండే ఉద్యోగి ఏరియా మేనేజర్ అయ్యాక పదిమంది అమ్మేలా చూడవలసి వస్తుంది; శస్త్రచికిత్సలో చేయి తిరిగిన వైద్యుడు ఆసుపత్రి సూపరింటెండెంటు కుర్చీలో కూర్చున్న మర్నాటి నుంచి మందుల కొనుగోళ్లు, నర్సుల డ్యూటీ చార్టులు, బకాయి బిల్లుల మధ్య రోజు గడపవలసి వస్తుంది. కొత్త కుర్చీలో కావలసిన నేర్పును పాత కుర్చీ పూర్తిగా నేర్పదు గనుక, ఈ సంధిదశలో మనిషి పక్కన నిలిచి, అతని ఆలోచనను అతనికే స్పష్టం చేసి, కొత్త అలవాటు పాదుకునేదాకా తోడుండే వృత్తి ఒకటి గత నాలుగు దశాబ్దాల్లో రూపుదిద్దుకుంది. దాన్నే ఎగ్జిక్యూటివ్ కోచింగ్ అంటున్నారు. ఒకప్పుడు పెద్ద కంపెనీల అధిపతులకే పరిమితమైన ఈ సహాయం ఇప్పుడు హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ సంస్థలకు, బహుళజాతి కంపెనీల సొంత కేంద్రాలకు, ఔషధ పరిశ్రమలకు కూడా చేరింది గనుక, అది ఏం చేయగలదో, ఏం చేయలేదో, ఎవరికి అందుతోందో విడమరిచి చూడవలసిన అవసరం ఏర్పడింది.

1969లో లారెన్స్ పీటర్, రేమండ్ హల్ కలిసి రాసిన ‘ది పీటర్ ప్రిన్సిపుల్’ అనే పుస్తకం ఈ ఇబ్బందికి ఒక సూత్రరూపం ఇచ్చింది. ఏ సంస్థలోనైనా ఉన్న పనిలో చూపిన సమర్థతను బట్టే ఉద్యోగిని పై పనికి ఎంపిక చేస్తారు గనుక, తనకు చేతకాని మెట్టు తగిలేదాకా అతను ఎక్కుతూ పోయి, చివరికి అక్కడే ఆగిపోతాడని ఆ సూత్రం సారాంశం. హాస్యధోరణిలో రాసిన పుస్తకం కావడంతో చాలాకాలం దాన్ని ఎవరూ లెక్కల్లో పెట్టి చూడలేదు. అలాన్ బెన్సన్, డానియెల్ లీ, కెల్లీ షూ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని అనేక కంపెనీల అమ్మకాల సిబ్బంది వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువ అమ్మినవారికే మేనేజరు పదవి దక్కుతోందనీ, అయితే పదవి రాకముందు ఎవరెంత ఎక్కువ అమ్మితే వారి చేతికింద పనిచేసేవారి అమ్మకాలు అంతగా తగ్గుతున్నాయనీ తేలింది. దానికన్నా ఆలోచింపజేసే విషయం అదే అధ్యయనంలో మరొకటి ఉంది. ఒంటరిగా బేరాలు కుదుర్చుకున్నవారికన్నా సహోద్యోగులతో కలిసి పనిచేసి ఆ ఘనతను పంచుకున్నవారు మేనేజర్లుగా మెరుగ్గా రాణించినా, ఎంపిక సమయంలో ఆ గుణానికి తగిన విలువ దక్కలేదు.

తెలుగువారి విషయంలో ఈ సంధిదశ ఇంకాస్త కష్టంగా ఉండడానికి చదువుల తీరు కూడా ఒక కారణమని చెప్పక తప్పదు. ఎంసెట్ ర్యాంకు చుట్టూ ఇంటర్మీడియట్ రెండేళ్లూ, క్యాంపస్ ఎంపికల చుట్టూ ఇంజనీరింగ్ నాలుగేళ్లూ తిరిగిన తరానికి, తప్పులేని సమాధానాన్ని అందరికన్నా ముందు చెప్పడమే ప్రతిభ అనే భావన చిన్నప్పుడే నాటుకుపోయింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్న రోజుల్లో ఉద్యోగంలో చేరిన కుర్రవాళ్లు ఇప్పుడు యాభై ఏళ్ల చేరువలో, వందలమంది పనిని చూసే స్థానాల్లో ఉన్నారు. వారిలో ఎందరినో అక్కడిదాకా తీసుకువచ్చింది ఆ సమాధానం చెప్పే నేర్పే. వాళ్ల చేతికింద పనిచేసేవారికి మాత్రం, తమకు సమాధానం వెతుక్కునే వ్యవధి ఇవ్వగలిగిన మేనేజరు కావాలి. తెలిసినా చెప్పకుండా ఉండడం, ప్రశ్న అడిగి ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా ఆగడం, తనకు తెలియదని పదిమందిలో ఒప్పుకోవడం వంటి పనులు అలవాటు లేనివారికి అవమానంలా తోస్తాయి. కోచింగ్ అవసరం పుట్టేది సరిగ్గా ఇక్కడే.

కోచ్ చేసేది, చేయనిది

ప్రవేశపరీక్షలకు తర్ఫీదు ఇచ్చే కేంద్రాలతో ఈ కోచింగ్‌కు పద్ధతిలో పోలిక లేదు. శిక్షకుడు తనకు తెలిసిన విషయాన్ని నేర్పుతాడు. కన్సల్టెంటు సమస్యను పరిశీలించి పరిష్కారం రాసిస్తాడు. మెంటార్, అంటే అదే దారిలో ముందు నడిచిన పెద్దమనిషి, తన అనుభవం నుంచి సలహా ఇస్తాడు. మానసిక చికిత్సకుడు గాయపడిన మనసుకు వైద్యం చేస్తాడు. కోచ్ పని వీటన్నిటికన్నా ఇరుకైనది, ఆ ఇరుకులోనే లోతైనది కూడా. ఎదుటివ్యక్తి తన పనిని, తన మాటను, ఇతరుల మీద వాటి ప్రభావాన్ని తాను చూసుకోగలిగేలా ప్రశ్నించడం, ఆ చూపు నుంచి ఒక చిన్న మార్పును ఎంచుకునేలా చేయడం, ఎంచుకున్న మార్పు జరిగిందో లేదో తరవాతి భేటీలో అడగడం అతని బాధ్యత. సాధారణంగా రెండు మూడు వారాలకు ఒకసారి గంట, గంటన్నర చొప్పున ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఈ భేటీలు సాగుతాయి. వాటికి ముందు పై అధికారి, సమస్థాయి సహోద్యోగులు, కింద పనిచేసేవారు అందరి నుంచీ అభిప్రాయాలు సేకరించే పద్ధతి ఒకటి ఉంది. చుట్టూ ఉన్న అన్ని దిక్కుల నుంచీ వచ్చే అభిప్రాయం గనుక దాన్ని 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ అంటారు. తన గురించి తాను అనుకునేదానికీ, ఇతరులు అనుకునేదానికీ మధ్య దూరం ఎంతో చాలామంది అధికారులు మొదటిసారి చూసేది ఆ కాగితాల్లోనే.

ఈ పద్ధతికి మూలం కార్పొరేట్ కార్యాలయాల్లో గాక టెన్నిస్ కోర్టులో దొరుకుతుంది. అమెరికాకు చెందిన తిమోతీ గాల్వే టెన్నిస్ నేర్పుతున్న రోజుల్లో, తాను ఎంత తక్కువగా ఆదేశాలిస్తే ఆటగాళ్లు అంత త్వరగా నేర్చుకుంటున్నారని గమనించాడు. చేతిని ఎలా తిప్పాలో చెప్పడం మానేసి, బంతి నేలను తాకినప్పుడు ఒక మాట, రాకెట్‌ను తాకినప్పుడు మరొక మాట పైకి అనమని మాత్రమే అడిగితే, ఆటగాడి ధ్యాస తప్పొప్పుల మీది నుంచి బంతి మీదికి మళ్లి, చేయి తనంతట తానే కుదురుకునేది. ఎదుటి ఆటగాడికన్నా సొంత మనసులోని సందేహం, ఆత్మనింద పెద్ద ప్రత్యర్థులని 1974లో ఆయన రాసిన ‘ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్’ వివరించింది. బ్రిటన్‌లో కారు పందేల విజేతగా పేరు పొందిన జాన్ విట్‌మోర్ ఈ ఆలోచనను వ్యాపార సంస్థలకు తీసుకువెళ్లాడు. గ్రాహం అలెగ్జాండర్, అలాన్ ఫైన్ వంటి సహచరులతో కలిసి 1980లలో రూపొందించిన ‘గ్రో’ నమూనాను ఆయన 1992లో ప్రచురించిన ‘కోచింగ్ ఫర్ పెర్ఫార్మెన్స్’ ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. సాధించదలచిన లక్ష్యం, ఇప్పుడున్న వాస్తవం, ముందున్న మార్గాలు, చేసి తీరాలనే సంకల్పం అనే నాలుగు అంశాల మీదుగా సంభాషణను నడపడమే ఆ నమూనా. 1995లో థామస్ లియోనార్డ్ అమెరికాలో నెలకొల్పిన అంతర్జాతీయ కోచ్ ఫెడరేషన్, అంటే ఐసీఎఫ్, ఈ వృత్తికి నీతినియమావళినీ, అర్హత మెట్లనూ ఏర్పరచింది. దాని లెక్కలో తొలి మెట్టుకు కనీసం 100 గంటలు, రెండో మెట్టుకు 500 గంటలు, అత్యున్నత స్థాయికి 2,500 గంటల కోచింగ్ అనుభవం ఉండాలి.

సిద్ధాంతం ఎంత చెప్పుకున్నా ఆ గంటన్నరలో నిజంగా జరిగేదేమిటో దగ్గరగా చూస్తేగానీ అర్థం కాదు. సాఫ్ట్‌వేర్ సంస్థలో పన్నెండేళ్లు ఇంజనీరుగా పనిచేసి కొత్తగా డెలివరీ మేనేజరు అయిన వ్యక్తి ఒకరు, తన టీమ్‌లో ఎవరూ బాధ్యత తీసుకోవడం లేదనే ఫిర్యాదుతో కోచ్ ముందు కూర్చున్నారని ఊహించుకుంటే, సంభాషణ సుమారుగా ఇలా నడుస్తుంది.

‘అన్నీ నా దాకా వస్తున్నాయి మేడమ్. ఎవరూ ఓనర్‌షిప్ తీసుకోవడం లేదు.’

‘పోయిన వారం మీ దాకా వచ్చినవాటిలో ఒకటి చెప్పండి.’

‘మంగళవారం రాత్రి పదకొండున్నరకి క్లయింటు నుంచి ఎస్కలేషన్ వచ్చింది.’

‘ఎవరి పేరున వచ్చింది?’

‘మా టీమ్ లీడ్ పేరున. నన్ను సీసీలో పెట్టారు.’

‘జవాబు ఎవరిచ్చారు?’

‘నేనే. పది నిమిషాల్లో ఇచ్చేశాను.’

‘టీమ్ లీడ్ ఇస్తే ఎంతసేపు పట్టేది?’

‘ఒక గంటన్నర పట్టేదేమో.’

‘ఆ గంటన్నర మీరు ఆగితే ఏమయ్యేది?’

ఈ ప్రశ్న దగ్గర ఆయన కాసేపు ఆగుతారు. మొదట సర్వీసు ఒప్పందం గురించీ, క్లయింటు స్వభావం గురించీ ఏదో చెప్పబోయి, చివరికి అసలు మాట బయటపెడతారు: ‘నాకు తెలియదనుకుంటారు మేడమ్.’

టీమ్ బాధ్యత తీసుకోవాలని ఆయన మనస్ఫూర్తిగానే కోరుకుంటున్నారు; తనకు తెలియదని ఎవరూ అనుకోకూడదని కూడా అంతే గట్టిగా కోరుకుంటున్నారు; రెండో కోరిక మొదటిదాన్ని రోజూ ఓడిస్తోంది. హార్వర్డ్ విద్యావేత్తలు రాబర్ట్ కీగన్, లీసా లేహీ 2009లో ప్రచురించిన ‘ఇమ్యూనిటీ టు చేంజ్’ పుస్తకంలో ఇటువంటి స్థితిని మార్పును అడ్డుకునే రోగనిరోధకశక్తిగా వర్ణించారు. మనిషి మారకపోవడానికి బద్ధకం, మొండితనం కారణాలుగా కనిపించినా, చాలా సందర్భాల్లో అతను తనకే తెలియకుండా మరొకదాన్ని కాపాడుకుంటూ ఉంటాడని వారి వాదన. ఆ రెండో కోరిక మాటల్లోకి వచ్చాక కోచ్ చేసే పని చాలా చిన్నది. రానున్న రెండు వారాల పాటు సీసీలో వచ్చిన మెయిల్‌కు టీమ్ లీడ్ జవాబిచ్చేదాకా తాను జవాబివ్వకుండా ఉండడం, అవసరమైతే ఆ లీడ్‌కు ఫోన్ చేసి ‘మీరేం అనుకుంటున్నారు?’ అని మాత్రమే అడగడం వంటి ఒక ప్రయోగానికి ఆయన తనంతట తాను ఒప్పుకుంటారు. ఫలితం ఏమైనా తరవాతి భేటీకి మాట్లాడుకోవడానికి అసలైన సరుకు దొరుకుతుంది. నాయకత్వం మీద రెండురోజుల తరగతి వింటే వచ్చే ఉత్సాహం వారంలో ఆరిపోతుండగా, ఇటువంటి చిన్న ప్రయోగాలు నిలవడానికి కారణం అవి ఆ మనిషి రోజువారీ పనిలోంచి పుట్టడమే.

నిపుణులకు ఈ బయటి చూపు అక్కర్లేదనే వాదనకు గట్టి సమాధానం వైద్యరంగం నుంచి వచ్చింది. బోస్టన్‌లో శస్త్రచికిత్స నిపుణుడైన అతుల్ గవాండే, తన నైపుణ్యం ఒకచోట ఆగిపోయిందనిపించి, తనకు గతంలో పాఠాలు చెప్పిన విశ్రాంత సర్జన్ రాబర్ట్ ఓస్టీన్‌ను ఆపరేషన్ గదికి పిలిచి గమనించమన్నారు. ఆ అనుభవాన్ని 2011లో ‘ది న్యూయార్కర్’ పత్రికలో రాశారు. సాఫీగానే జరిగిందనుకున్న ఒక థైరాయిడ్ ఆపరేషన్ ముగిశాక ఓస్టీన్ చూపించిన లోపాలు చాలా మామూలువి: గవాండే మోచేయి అప్పుడప్పుడు భుజం ఎత్తుకు లేస్తోంది, అలా లేస్తే చేతికి పట్టు తగ్గుతుంది, పైనున్న దీపం పక్కకు జరిగిపోయి సుమారు అరగంట పాటు కోత మీద నేరుగా వెలుగు పడలేదు, అది గవాండేకు తెలియనే లేదు. ఏళ్ల అనుభవం ఉన్న సర్జన్‌కు తన దీపం కదిలిన సంగతే కనిపించలేదంటే, రోజుకు ఏడెనిమిది మీటింగుల్లో మాట్లాడే అధికారికి తన గొంతులోని విసుగు వినిపించకపోవడంలో వింత లేదు.

రెడ్‌మండ్ నుంచి కాకినాడ దాకా

హైదరాబాద్‌లో పుట్టి బేగంపేటలోని పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో రెడ్‌మండ్ కేంద్రంగా ఉన్న మైక్రోసాఫ్ట్‌కు అధిపతి అయ్యేనాటికి, ఆ సంస్థలో తెలివికి లోటు లేదు. ఒకరి తెలివిని మరొకరు నమ్మే వాతావరణానికే లోటు ఉండేది. ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి, ప్రతి బృందంలో కొందరికి తప్పనిసరిగా తక్కువ రేటింగ్ ఇచ్చే బెల్ కర్వ్ తరహా పద్ధతిని ఆయన రాకకు కొద్ది నెలల ముందు, 2013 నవంబరులో కంపెనీ రద్దు చేసింది. నియమం పోయినంత మాత్రాన అలవాటు పోదు గనుక, నాదెళ్ల తన ఉన్నతస్థాయి బృందంతో పనిచేయడానికి సియాటిల్ సీహాక్స్ ఫుట్‌బాల్ జట్టుకు తోడ్పడుతున్న మనస్తత్వ నిపుణుడు మైకేల్ జెర్వేను పిలిపించారు. 2017లో వెలువడిన తన పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’ తొలి పుటల్లోనే ఆ సమావేశాన్ని ఆయన వర్ణించారు. ఒక అసాధారణమైన అనుభవానికి ఎవరు ముందుకొస్తారని జెర్వే అడిగినప్పుడు, ప్రపంచంలోని అతిపెద్ద సంస్థల్లో ఒకదాన్ని నడుపుతున్న ఆ గదిలో కొంతసేపు ఎవరూ కదలలేదు. చివరికి ఆర్థిక విభాగాధిపతి ఏమీ హుడ్ లేచి నిలబడ్డారు. అంతమంది సమర్థులు ఎందుకు వెనకాడారన్న ప్రశ్న అక్కడి నుంచి చర్చకు వచ్చింది. నలుగురిలో తప్పుచేస్తే, గదిలో అందరికన్నా తెలివైనవాడిగా కనిపించకపోతే ఏమవుతుందోననే భయం, ర్యాంకుల పట్టిక ముందు నిలబడిన ఇంటర్మీడియట్ కుర్రవాడి భయానికి ఏమాత్రం దూరం కాదు.

అన్నీ తెలిసినవాడిగా ఉండడంకన్నా అన్నీ నేర్చుకునేవాడిగా ఉండడం మేలనే ఆలోచనను నాదెళ్ల మనస్తత్వ శాస్త్రవేత్త కేరల్ డ్వెక్ 2006లో రాసిన ‘మైండ్‌సెట్’ నుంచి స్వీకరించారు. సామర్థ్యం పుట్టుకతో స్థిరపడిందని నమ్మేవారు విఫలమయ్యే పనులకు దూరంగా ఉంటారనీ, అది శ్రమతో పెరుగుతుందని నమ్మేవారు పొరపాటును సమాచారంగా తీసుకుంటారనీ డ్వెక్ చెప్పింది. మైక్రోసాఫ్ట్ తన మేనేజర్లకు నిర్దేశించిన మూడు బాధ్యతల్లో కోచింగ్ ఒకటి కావడం ఈ మార్పుకు కొనసాగింపే. గూగుల్‌లో 2008లో మొదలైన ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ అనే అంతర్గత పరిశోధన కూడా మంచి మేనేజరు లక్షణాలు ఎనిమిదింటిని గుర్తించి, వాటిలో మంచి కోచ్ కావడాన్ని మొదటిదిగా, సాంకేతిక నైపుణ్యాన్ని చివరిదిగా నిలిపింది. ఇంజనీర్లే ఇంజనీర్ల కోసం నడిపే కంపెనీలో ఇటువంటి ఫలితం రావడం గుర్తుంచుకోదగినది.

అయితే మనిషి ఆలోచనకు తర్ఫీదు ఇచ్చి అతని వృత్తిజీవితాన్ని మార్చవచ్చా అనే ప్రశ్నను తెలుగునేల అర్ధశతాబ్దికి ముందే పరీక్షించిందని చాలామందికి తెలియదు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1960ల మధ్యలో, హైదరాబాద్‌లోని చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ సహకారంతో, కాకినాడకు చెందిన యాభైమందికి పైగా వ్యాపారులకు ఒక ప్రత్యేక తర్ఫీదు ఇప్పించాడు. సియెట్ అనే పొడి అక్షరాలతో అప్పట్లో ప్రసిద్ధమైన ఆ సంస్థే ఇప్పుడు యూసఫ్‌గూడలో ఉన్న జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. ఆ తర్ఫీదులో ఖాతాలు రాయడమో, సరుకు అమ్మడమో నేర్పలేదు. బొమ్మలు చూపించి కథలు రాయించడం, ఆ కథల్లో విజయకాంక్ష ఎక్కడెక్కడ వ్యక్తమైందో వాళ్లచేతే గుర్తింపజేయడం, మరీ సులువుగానూ మరీ అసాధ్యంగానూ లేని లక్ష్యాన్ని ఎంచుకోవడం ఆటల ద్వారా అలవాటు చేయడం, చివరికి ఎవరి వ్యాపారానికి వారే ప్రణాళిక రాసుకోవడం అందులో ముఖ్యభాగాలు. ఆ తరవాత తర్ఫీదు పొందినవారి నడకను, రాజమండ్రిలో అటువంటి తర్ఫీదు లేని వ్యాపారులతో పోల్చి చూశారు. కాకినాడ వ్యాపారులు కొత్త ప్రయత్నాలు మొదలుపెట్టడంలోనూ, పెట్టుబడి పెట్టడంలోనూ ముందున్నారని మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో ప్రచురించిన ‘మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్’ అనే గ్రంథం వివరించింది. సంప్రదాయ కట్టుబాట్లు బలంగా ఉన్న సమాజంలో మనిషి మారడం కష్టమనే అభిప్రాయం ప్రబలంగా ఉన్న కాలంలో, పంచె కట్టులో గానీ పూజా పునస్కారాల్లో గానీ మార్పు అవసరం లేకుండానే వ్యాపార ధోరణి మారవచ్చని ఒక గోదావరి జిల్లా పట్టణం రుజువుచేసింది. కోచింగ్ చరిత్ర రాసేవారు టెన్నిస్ కోర్టుతో పాటు కాకినాడ పేరునూ చేర్చవలసి ఉంటుంది.

దారి మారవలసి వచ్చినప్పుడు

పైకి ఎదగడం ఒక సంగతి, దారి మారడం మరొకటి. చేస్తున్న ఉద్యోగం పోయినప్పుడు, నేర్చుకున్న సాంకేతికత పాతబడినప్పుడు, పిల్లల పెంపకం కోసం ఆగిన మహిళ తిరిగి ఉద్యోగంలో చేరాలనుకున్నప్పుడు ఎదురయ్యే స్థితిని అమెరికా రచయిత విలియం బ్రిడ్జెస్ 1980లో రాసిన ‘ట్రాన్సిషన్స్’ పుస్తకంలో మూడు దశలుగా వివరించాడు. మొదటిది ముగింపు, మూడోది కొత్త ఆరంభం. ఈ రెండింటి మధ్య పాతదీ లేని, కొత్తదీ రాని ఒక శూన్యకాలం ఉంటుంది. ఆ మధ్యదశలో కలిగే అయోమయాన్ని చేతకానితనంగా భావించి, దాని నుంచి తప్పించుకోవడానికి దొరికిన మొదటి ఉద్యోగంలో చేరిపోవడం అందరూ చేసే పనే. నాయకత్వ అధ్యయనాల్లో పేరొందిన హెర్మీనియా ఇబారా 2003లో రాసిన ‘వర్కింగ్ ఐడెంటిటీ’లో దీనికి ఆచరణసాధ్యమైన దారి చూపింది. తనకేం కావాలో ముందు కూర్చుని పూర్తిగా తేల్చుకుని ఆ తరవాత దారి మారుదామనుకునేవారు కదలలేకపోతున్నారనీ, సాయంత్రాల్లో ఒక చిన్న ప్రాజెక్టు, సెలవుల్లో ఒక తరగతి, కొత్త రంగంలోని మనుషులతో పరిచయం వంటి ప్రయోగాలు చేసినవారికే తామెవరో క్రమంగా తెలిసివస్తోందనీ ఆమె గమనించింది.

అమెరికాలో హెచ్-1బీ వీసా మీద పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకు ఈ తీరిక ఉండదు. 2017లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం పోయినవారికి గరిష్ఠంగా 60 రోజుల గడువు మాత్రమే లభిస్తుంది. అంతలోపు మరో సంస్థ వీసా బాధ్యత తీసుకోవాలి, లేదా వేరే హోదాకు దరఖాస్తు చేసుకోవాలి, లేదా దేశం విడిచి రావాలి. ఇంటి వాయిదా, పిల్లల బడి, గ్రీన్‌కార్డు వరస అన్నీ ఆ 60 రోజుల మీదే వేలాడుతుంటాయి. అటువంటివారికి జీవితలక్ష్యం గురించిన దీర్ఘమైన ప్రశ్నలు వేసే కోచ్ తన పని ఎరగనివాడే. వారికి మొదటి వారంలో కావలసింది ఎవరికి ఫోన్ చేయాలన్న స్పష్టత. ఆ విషయంలో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రతిపాదించిన ‘బలహీన బంధాల బలం’ అనే సూత్రం ఎంతో ఉపకరిస్తుంది. దగ్గరి స్నేహితులకు తెలిసిన ఖాళీలు సాధారణంగా మనకూ తెలిసినవే అయి ఉంటాయి. ఎప్పుడో కలిసి పనిచేసి విడిపోయిన సహోద్యోగి, కాలేజీలో రెండేళ్ల సీనియర్ వంటి దూరపు పరిచయాలు కొత్త సమాచారాన్ని మోసుకొస్తాయి. లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్లమంది మీద జరిపి 2022లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగం కూడా, మరీ దగ్గరా మరీ దూరమూ గాని పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడ్డాయని తేల్చింది. ఉద్యోగం పోయిందని చెప్పుకోవడానికి సిగ్గుపడి పరిచయస్తులకు ముఖం చాటేయడం మన కుటుంబాల్లో మామూలే గనుక, ఆ సిగ్గును మొదటి మూడు రోజుల్లో వదిలించగలిగిన కోచ్ అందరికన్నా ఎక్కువ మేలు చేసినట్టే.

రహస్యం, రుసుము, అర్హత

కోచింగ్ వల్ల మేలు జరుగుతోందా అన్నదానికి పరిశోధన ఇచ్చే సమాధానం సానుకూలమే గానీ, అమ్మకందార్లు చెప్పేంత ఘనంగా లేదు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో 18 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు పనితీరు, మానసిక స్థితి, ఒత్తిడిని తట్టుకోవడం, లక్ష్యం మీద నిలబడడం వంటి అంశాల్లో మెరుగుదల కనిపించింది. అయితే పోల్చిచూసేందుకు మరో బృందం లేని అధ్యయనాల్లోనే ఫలితాలు ఎక్కువ ఘనంగా వచ్చాయి. మరోవైపు, మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ బెర్గ్లాస్ 2002లో ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’లో గట్టి హెచ్చరిక చేశారు. కుంగుబాటుతోనో, తీవ్రమైన వ్యక్తిత్వ లోపంతోనో బాధపడుతున్న అధికారికి మనస్తత్వశాస్త్రం తెలియని కోచ్ కేవలం ప్రవర్తన దిద్దుకునే కిటుకులు నేర్పితే, రోగం ముదిరేదాకా బయటపడదని ఆయన వాదన. నిద్రపట్టకపోవడం, అకారణమైన దుఃఖం, తాగుడు వంటివి సంభాషణలోకి వచ్చినప్పుడు వైద్యుడి దగ్గరికి పంపడం తెలిసినవాడే మంచి కోచ్. భారతదేశంలో వైద్యుడికో, న్యాయవాదికో ఉన్నట్టు కోచ్‌కు చట్టబద్ధమైన లైసెన్సు ఏదీ లేదు గనుక, రెండు వారాంతాల శిక్షణతో ఆ పేరు తగిలించుకున్నవారూ, వేల గంటల అనుభవం ఉన్నవారూ ఒకే వరసలో కనిపిస్తారు. ఎన్ని గంటల అనుభవం ఉంది, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అని నేరుగా అడగడం అమర్యాద కాదు.

రుసుము ఎవరు చెల్లిస్తున్నారన్నది ఇంకా సున్నితమైన ప్రశ్న. సంస్థ డబ్బు కడుతుంది, ఉద్యోగి మనసు విప్పుతాడు, మధ్యలో కోచ్ ఉంటాడు. ఉద్యోగి చెప్పిన మాట హెచ్.ఆర్. విభాగానికి చేరి అప్రైజల్‌లో రేటింగ్ తగ్గిందంటే ఆ సంబంధం అక్కడితో సరి. 1970ల మధ్యలో ఉదయ్ పారీక్, టి.వి. రావు లార్సెన్ అండ్ టూబ్రో సంస్థకు మానవ వనరుల అభివృద్ధి వ్యవస్థను రూపొందించినప్పుడే, పనితీరుకు మార్కులు వేయడమూ, మనిషి ఎదుగుదలకు తోడ్పడే సంభాషణా వేరువేరు పనులనే స్పష్టత మన దేశంలో వచ్చింది. ఇప్పటికీ చాలా కార్యాలయాల్లో రెండూ ఏడాదికొకసారి ఒకే గంటలో, హైక్ లెటరుతో పాటే ముగుస్తున్నాయి. కోచ్, ఉద్యోగి, సంస్థ ముగ్గురూ కలిసి మొదటిరోజే రాసుకునే ఒప్పందంలో లక్ష్యాలు ఏమిటో, భేటీలు ఎన్నో సంస్థకు తెలుస్తాయనీ, భేటీలో ఏం మాట్లాడుకున్నారో మాత్రం తెలియదనీ స్పష్టంగా ఉండాలి. అలా రాసివ్వడానికి ఇష్టపడని చోట ఉద్యోగి తన మాటలను దాచుకోవడమే వివేకం.

ఇక, ఈ సహాయం ఎవరికి అందుతోందన్న విషయంలో సంస్థల లెక్క తిరగబడిందనే చెప్పాలి. ఉపాధ్యక్షులకు, దేశ విభాగాధిపతులకు విడివిడిగా కోచ్‌లను ఏర్పాటుచేసే కంపెనీలు, నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్న స్నేహితుడికి ఇవాళ పని పురమాయించవలసి వచ్చిన కొత్త టీమ్ లీడ్‌కు ఒక ఆన్‌లైన్ కోర్సు లింకు పంపి ఊరుకుంటున్నాయి. అలవాట్లు గట్టిపడకముందే మలుచుకోగలిగిన వయసు అది. అతను విసుగుపడితే ఆ విసుగు రోజూ ఎనిమిదిమంది మీద పడే చోటు కూడా అదే. అందరికీ విడివిడిగా కోచ్‌ను పెట్టే స్తోమత ఏ సంస్థకూ ఉండకపోవచ్చు. దానికి బ్రిటన్‌లో రెజినాల్డ్ రెవాన్స్ 1940లలోనే, బొగ్గు గనుల మేనేజర్లతో పనిచేస్తూ, ఖర్చులేని దారి ఒకటి కనిపెట్టాడు. బయటి నిపుణుడి ఉపన్యాసానికి బదులు, ఒకే రకం కష్టాలున్న కొద్దిమంది మేనేజర్లు క్రమం తప్పకుండా కలుసుకుని, ఒకరు తన సమస్య చెబితే మిగిలినవారు సలహాలు మాని ప్రశ్నలు మాత్రమే అడుగుతారు. యాక్షన్ లెర్నింగ్ అనే పేరుతో అది తరవాత ఎన్నో దేశాలకు వ్యాపించింది. మాదాపూర్‌లో గానీ, విశాఖ రుషికొండలో గానీ, ఏ జిల్లా ఆసుపత్రిలో గానీ కొత్తగా బాధ్యత తీసుకున్న ఆరుగురికి పదిహేను రోజులకొకసారి గంటన్నర తీరిక, తలుపు వేసుకునే వీలున్న ఒక గది ఇస్తే దీన్ని రేపే మొదలుపెట్టవచ్చు. ఆ ఆరుగురూ వేరువేరు బృందాలవారై ఉండాలి, వారిలో ఎవరూ మరొకరికి రేటింగ్ ఇచ్చేవారు కాకూడదు, అక్కడ మాట్లాడుకున్నదాని మీద ఎవరూ నివేదిక అడగకూడదు.